బ్యాంకువారికి మా ఇంటి పెళ్లిచూపులు

ఇల్లు అమ్ముడుపోక అవస్థపడేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఇంటిని అందంగా ముస్తాబు చేసి, ఆ అందంతోనే అమ్మకం చెడగొట్టుకున్న ఇల్లాలు మాత్రం రాయపూర్ మొత్తానికి నేనొక్కదాన్నే. బి.ఏ. చదివాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఉన్న మతి పోవడమే కాదు, లేని సోఫా వచ్చిపడింది.

మూడేళ్ల కిందటి మాట. తెలీబంధాలో, చెరువుకు రెండు వీధుల అవతల మాకొక చిన్న ఇల్లుండేది. మావారు ప్రకాశ్ ఇనుము మిల్లులో పనిచేస్తున్నప్పుడు బ్యాంకు అప్పుతో కొన్నాం. తర్వాత మిల్లు మూతపడింది. కిస్తీలు ఆగిపోయాయి. వడ్డీ మాత్రం మా పాప గ్రేసీకంటే ఏపుగా, పాలూ బిస్కెట్లూ అడగకుండానే పెరిగింది. చివరికి ఇల్లు అమ్మినా అప్పు తీరదని తేలింది.

అప్పుడు బ్యాంకు ఒక దారి చూపించింది. కొనేవాణ్ని మేమే వెతుక్కోవాలి. వచ్చిన డబ్బంతా బ్యాంకుకే ఇచ్చేయాలి. మాకు నిజంగా గతి లేదని వాళ్లకు నమ్మకం కుదిరితే మిగతా అప్పు వదిలేస్తారు. కుదరకపోతే ఇల్లు వేలం. వేలంలో ఇంకా తక్కువ పలుకుతుంది, మిగిలిన బాకీ మావారికి కొత్తగా దొరికిన చిరుద్యోగం జీతం వెంట ఏళ్లతరబడి పడుతుంది.

కొనేవాడు దొరికాడు. దేవాంగన్ మాస్టారని, బడిపంతులు, నెమ్మదస్తుడు. "దీదీ, దసరా దాకా ఆగుతా. అప్పటికీ బ్యాంకు తేల్చకపోతే వేరే ఇల్లు చూసుకుంటా" అన్నాడు.

ఇలాంటి అమ్మకంలో దిగేవాళ్లకు ముందే చెబుతున్నాను. పిల్ల సిద్ధం, పిల్లవాడు సిద్ధం, తాళి మాత్రం బ్యాంకు లాకరులో ఉంటుంది. మీకూ కొనేవాడికీ ఎంత నచ్చినా లాభం లేదు. బ్యాంకు "సరే" అనాలి. దానికి ముందు ఇల్లు చూడటానికి ఒక ఆఫీసరు వస్తాడు.

ఆయన వచ్చే రోజు తెలిసింది. ఆ రోజే మావారు డ్యూటీ మీద భిలాయ్ వెళ్లాలి. వెళ్తూ గుమ్మంలో ఆగి, "సునీతా, ఏమీ చేయకు. ఉన్నది ఉన్నట్టు చూపించు, అంతే" అన్నారు.

"మీరు వెళ్లండి, నేను చూసుకుంటాను" అన్నాను. చరిత్రలో సర్వనాశనాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

ఉన్నది ఉన్నట్టు చూపించడమంటే ఏమిటి? గోడకు బీట. వెనకగది కప్పుకు పెచ్చులు. కూర్చోవడానికి ఒక నులకమంచం, కుంటి కుర్చీ ఒకటి. మా అమ్మ నన్ను పెంచిన తీరు వేరు. ఇంటికొచ్చినవాడి కంట లేమి పడకూడదు. పెళ్లిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చుకోని తెలుగు ఇల్లు ఎక్కడైనా ఉందా? మా అక్క పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు తప్ప తక్కినవన్నీ ఎరువు తెచ్చినవే!

వెంటనే పక్కింటి సాహూ భాభీ దగ్గరకు పరుగెత్తాను.

"భాభీ, ఒక్కరోజు మీ సోఫా ఇస్తారా?"

"అరే, ఒక్క సోఫా ఏంటి? ఫ్రిజ్ కూడా లే జా నా! చల్లటి షర్బత్ తాగితే సాహెబ్ దిల్ కరిగిపోతుంది" అంది ఆ మహాతల్లి.

నలుగురు మోస్తే ఫ్రిజ్ మా ఇంట్లోకి వచ్చింది. దాని వెనక సోఫా, లేసు పరదాలు, ఆరు పింగాణీ కప్పులు, స్టీలు గ్లాసులు ఊరేగింపుగా వచ్చాయి. గోడ బీట మీద యేసుప్రభువు క్యాలెండరు పెట్టాను. బీట పెద్దది, ప్రభువు చిన్నవాడు, అందుకని పక్కన ఇంకో రెండు క్యాలెండర్లు.

మా అత్తయ్య మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మూలిగేవాళ్లను చూసీ చూసీ, దేనికీ తొణకదు. కప్పు నుంచి నీళ్లు కారినా "కారనీ, మనదా ఏంటి? బ్యాంకుది" అంటుంది.

"ఏమే అమ్మాయ్, వచ్చేది బ్యాంకువాడా, పెళ్లికొడుకా?"

"పరువుండొద్దా అత్తయ్యా?"

"పరువుందని తెలిస్తే వాడు వడ్డీ అడుగుతాడే, పిచ్చిమొహమా."

నేను వినలేదు. నా దిగులంతా గ్రేసీ గురించే. మూడేళ్ల పిల్ల, "ఇది సాహూ ఆంటీది" అని ఠక్కున అనేస్తే? అందుకని పొద్దున్నుంచీ పాఠం చెప్పాను. ఎవరు ఏది చూపించి అడిగినా "హమారా!" అనాలి. మాదే అని. అన్నప్పుడల్లా ఒక బిస్కెట్టు. మధ్యాహ్నానికి పొట్లం ఖాళీ అయింది, పిల్ల మాత్రం తయారైంది.

బ్యాంకు ఆఫీసరు తివారీ సాహెబ్ వచ్చాడు. సోఫాలో కూర్చున్నాడు. చల్లటి షర్బత్ సాహూ గారి స్టీలు గ్లాసులో ఇచ్చాను, "సాహూ" అని చెక్కినవైపు నా వైపు తిప్పుకుని మరీ.

"ఇల్లు చాలా బాగా పెట్టుకున్నారు, బెహెన్‌జీ."

"అంతా మీ దయ, సాహెబ్."

"ఈ ఫ్రిజ్ మీదేనా?"

నేను నోరు తెరిచేలోగా "హమారా!" అంది గ్రేసీ, చెయ్యి చాపుతూ.

ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. మళ్లీ రాసుకున్నాడు. పేజీ తిప్పి కూడా రాసుకున్నాడు. మెచ్చుకుంటున్నాడని నేను మురిసిపోయాను.

రెండు నెలలు గడిచాయి. (ఇందులో ఎదురుచూపులు ఇంతే ఉంటాయి. పోస్టుమాన్ సైకిలు గంట వినగానే గుండె పట్టుకునే రోగం వస్తుంది, కంగారుపడకండి.) ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. మావారు పైకి చదివారు. ఇల్లు చక్కని స్థితిలో ఉన్నది, కనుక కొనుగోలుదారు ఇస్తానన్న ధర చాలదు. కుటుంబం సౌఖ్యంగా జీవిస్తున్నది, కనుక మినహాయింపు కుదరదు.

"సునీతా, సౌఖ్యం ఎక్కడిది?" అన్నారు మావారు మెల్లగా.

"పక్కింటిది" అంది అత్తయ్య. "పెళ్లిచూపుల్లో మన కలిమి నచ్చిందిరా అబ్బాయ్. ఇక కట్నం తగ్గించరు."

మావారు అరిచి ఉంటే బాగుండేది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, గ్రేసీని ఎత్తుకుని చెరువు గట్టుకు వెళ్లిపోయారు. దసరాకు మూడు వారాలే ఉంది. ఆ పూట ఏడ్చినంత నేను పెళ్లయి వస్తూ కూడా ఏడవలేదు.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి తివారీ సాహెబ్ ముందు నిలబడి అంతా చెప్పేశాను. సోఫా, ఫ్రిజ్, పరదాలు, క్యాలెండర్లు.

"బెహెన్‌జీ, అప్పుడు చెప్పింది అబద్ధమంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మను?"

"మళ్లీ రండి సాహెబ్. ఏ రోజని చెప్పకండి."

చెప్పకుండానే వచ్చాడు, అదీ కుండపోత వానలో. కప్పు కింద మూడు బకెట్లు, రెండు గిన్నెలు. క్యాలెండర్లు తీసేశాం కాబట్టి బీట ఉయ్యాలతాడంత పొడుగ్గా కనిపిస్తోంది. ఆయన అటూ ఇటూ చూశాడు.

"సామానంతా ఎక్కడ దాచారు?"

నా ప్రాణం చివుక్కుమంది. ఆయన్ను గొడుగు కింద సాహూ భాభీ ఇంటికి తీసుకెళ్లాను. గ్రేసీ నా చంకలో ఉంది.

"చూడండి సాహెబ్, ఇదే ఆ ఫ్రిజ్. వీళ్లది."

"హమారా!" అంది గ్రేసీ.

"కాదమ్మా, ఆంటీది."

"హమారా! బిస్కెట్టు!"

"అరే గుడియా, నా పుట్టింటివాళ్లిచ్చిన ఫ్రిజ్ నీదెప్పుడైంది?" అంది భాభీ. గ్రేసీ వెనక్కి తగ్గలేదు. సోఫా హమారా. పరదాలు హమారా. తివారీ సాహెబ్ కనుబొమలు జుట్టును తాకాయి. నాకు భూమి చీలి అందులోకి వెళ్లిపోవాలనిపించింది, అక్కడ కూడా "హమారా" అంటుందేమోనని ఆగాను.

బయటికొచ్చాం. మా వరండాలో ఆయన స్కూటరుంది. గ్రేసీ వేలు చూపించింది. "హమారా!" ఆయన తోలుసంచీ, "హమారా!" ఆయన కళ్లజోడు కూడా మాదే.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. ఖాళీ చెయ్యి చాపి ఎదురుచూస్తున్న పిల్లను చూశాడు, నా మొహం చూశాడు.

"ఎన్ని బిస్కెట్లు ఖర్చయ్యాయి బెహెన్‌జీ?"

"ఒక పొట్లం, సాహెబ్" అన్నాను తల దించుకుని.

మళ్లీ మా ఇంట్లోకి వచ్చాడు. వానచినుకులు బకెట్లో టప్ టప్ మంటున్నాయి. ఆయన గ్రేసీ ముందు వంగి, "అచ్ఛా బేటీ, మరి ఈ ఘర్ ఎవరిది?" అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. గ్రేసీ కారుతున్న కప్పును చూసింది, నాన్నమ్మను చూసింది.

"బ్యాంక్ కా!"

అత్తయ్య కిసుక్కుమంది. తివారీ సాహెబ్ కుంటి కుర్చీలో కూలబడి కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. "ఈ ఇంట్లో నిజం తెలిసింది దీనికొక్కదానికే" అంటూ కాగితం తీసి, ఈసారి కప్పు వంక చూస్తూ రాశాడు.

దసరాకు నాలుగు రోజుల ముందు "సరే" వచ్చింది. మిగతా అప్పు వదిలేసినట్టు రాతపూర్వకంగా ఉందో లేదో అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాకే సంతకాలు జరిగాయి. (మీరూ చదవండి. నోటిమాట నీటిమూట.) మా చేతికి దమ్మిడీ రాలేదు. కాని ఏడాదిన్నర తర్వాత మొదటిసారి పోస్టుమాన్ గంట నాకు మామూలు గంటలా వినిపించింది.

ఇప్పుడు గుఢియారీలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. రైలు వెళ్తే గిన్నెలు గజ్జెకడతాయి. మావారి జీతం పెరిగింది, నేను బళ్లో పాఠాలు చెబుతున్నాను. మళ్లీ ఒక చిన్న ఇంటికోసం అప్పుకు దరఖాస్తు పెట్టాం. మా స్తోమతు చూడటానికి రేపు ఇంకో బ్యాంకు ఆఫీసరు వస్తున్నాడు. సంగతి తెలిసి సాహూ భాభీ కబురంపింది, "ఫ్రిజ్ పంపనా?" అని.

కనుక ఇందుమూలంగా, మా అత్తయ్య సాక్షిగా, గ్రేసీ బిస్కెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ అధికారికీ ఎరువు సోఫా వేయను, ఎరువు షర్బత్ పోయను. మంచినీళ్లిస్తాను. అదీ మా గ్లాసులోనే, మా పేరు చెక్కినవైపు ఆయన వైపు తిప్పి.