అక్క ఒప్పుకోని రోజులు

తిరుత్తణి నుంచి మద్రాసుకు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఆటల పార్కుకు ఒక్క రోజులో పోయి రావడం పెద్దవాళ్ళకైతే కష్టం కాదు. చిన్నపిల్లలతో కుదరదు. తెల్లవారకముందే బస్సు ఎక్కినా మద్రాసు చేరేసరికి ఎండ ముదురుతుంది. అక్కడ మళ్ళీ సిటీ బస్సు పట్టి, సముద్రం వెంట దక్షిణంగా చాలా దూరం పోవాలి. అందుకని మా పథకంలో తిరువళ్ళూరు వచ్చి చేరింది. మొదటి రోజు సాయంత్రానికి తిరువళ్ళూరు పోయి మా అత్త ఇంట్లో పడుకోవాలి. మరునాడు పొద్దున్నే లోకల్ రైల్లో మద్రాసు, అక్కడి నుంచి పార్కు, చీకటి పడే వేళకు మళ్ళీ అత్త ఇల్లు. మూడో రోజు తిరుగుప్రయాణం. ఇంత చిన్న ప్రయాణానికి రోజు కుదర్చడంలోనే మా ఇంట్లో ఒక ఎండాకాలమంతా గడిచిపోయింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నేను మద్రాసులో ఒక దినపత్రికలో పనిచేస్తూ, నలుగురితో ఒకే గదిలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా తిరుత్తణికి వచ్చేవాణ్ణి. కొండ కింద మా నాన్నకు టెంకాయలు, కర్పూరం, పూజసామాన్ల అంగడి. అక్కను మింజూరులో ఇచ్చాం. బావ, వాళ్ళ అన్న కలిసి అక్కడ బియ్యం మండీ నడిపేవాళ్ళు. బావ జ్వరంతో పోయాక అక్క ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చేసింది. పిల్లవాడు రెండో తరగతి చదువుతున్నాడు. పాప ఇంకా బడికి పోయే వయసు కాదు.

పార్కు మాట మొదట ఎత్తింది బావే. తిరువళ్ళూరు స్టేషను గోడ మీద రంగుల రాట్నం బొమ్మ వేసిన పోస్టరు ముందు పిల్లలు కదలకుండా నిలబడితే, సరే పోదామన్నాడట. ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు.

బావ అన్నకు పిల్లలు లేరు. సంవత్సరీకం అయిన మరునాడు ఆయన మా నాన్నతో మాట్లాడాడు. పిల్లవాణ్ణి తమకిస్తే చదివించుకుంటామనీ, మండీ ఎటూ వాడిదేననీ, పాప తల్లి దగ్గర ఉంటుందనీ అన్నాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. నాన్న ఒప్పుకున్నాడు. అక్క వంటింటి గడప దగ్గర నిలబడి విన్నది. చివరికి ఒక్క మాటే అన్నది.

"పరీక్షలు కానీండి బావా. పిల్లోళ్ళిద్దర్నీ ఒకసారి ఆ పార్కుకు తీసకపోయి చూపిస్తా. వాళ్ళ నాయన చెప్పినాడు గదా. అది అయినాక పంపిస్తా."

"దానికేముందమ్మా, అట్లే కానీ," అన్నాడాయన.

ముందు పార్కు, తర్వాత మింజూరు. ఈ వరస ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పిల్లలకు మొదటిది మాత్రమే తెలుసు.

పరీక్షలు అయిపోయాయి. నాకు సోమవారం నుంచి సెలవు దొరికింది. ఆ మాట చెబితే అక్క గోడకున్న కాలెండరు వైపు చూసింది.

"సోమవారం తూర్పుకు శూల గదరా. మద్రాసు తూర్పే గదా."

నేను నవ్వాను. ఏ రోజు ఏ దిక్కుకు పోకూడదో చెప్పే ఆ శూలను అక్క ఎన్నడూ చూసిన మనిషి కాదు. బావతో సోమవారమూ శనివారమూ లేకుండా ఎన్నిసార్లు సినిమాలకని మద్రాసు పోయిందో లెక్కలేదు. అయినా సెలవు మార్చుకున్నాను. తర్వాత కుదిరిన రోజు అమావాస్యకు ముందు వచ్చింది. అమావాస్యకు గుడికొచ్చే వాళ్ళతో తిరువళ్ళూరు వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. ముందురోజు నుంచే జనం అరుగుల మీదా, అంగళ్ళ ముందూ పడుకుంటారు. మా అత్త ఇంటి వసారా కూడా తెలియని వాళ్ళతో నిండిపోతుంది. అక్క చెప్పింది నిజమే. దాన్నీ వదిలేశాం. ఆ తర్వాతి వారం మా కొండ మీది స్వామికి ముఖ్యమైన కృత్తిక పడింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో బస్సు ఎక్కడం కావడి ఎత్తుకున్నంత పని. పైగా నాన్నకు అంగట్లో మనిషి సాయం కావాలి. అదీ నిజమే. ఇంకో వారం పాపకు చంద్రాష్టమం అన్నది. చంద్రుడు ఆ పిల్ల రాశికి ఎనిమిదో ఇంట్లో ఉంటాడు కాబట్టి ఆ రెండు రోజులూ గడప దాటించకూడదట.

నాన్నకు కోపం వచ్చింది.

"ఏందమ్మా ఇది, పెండ్లి ముహూర్తం కూడా ఇంత కష్టం కాదే. నేను ముప్పై ఏండ్లుగా కొండకింద యాపారం చేస్తాండా, రాహుకాలంలో ఎన్ని టెంకాయలు అమ్మినానో! ఒక్కటన్నా కుళ్ళిందా?"

"మీ టెంకాయలకేం నాయనా, అవి యాడికీ పోవు గదా," అన్నది అక్క.

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అంగడికి వెళ్ళిపోయాడు. నాకు విషయం అప్పుడు తలకెక్కింది. అక్క రోజు వెతకడం లేదు. దొరికిన రోజునల్లా తోసేస్తున్నది. పార్కు ప్రయాణం మిగిలి ఉన్నంతవరకు పిల్లవాడు మా ఇంట్లో ఉంటాడు. అమ్మకు ఇది అర్థమైందో లేదో నాకు తెలియదు. అమ్మ దేన్నీ అంత లోతుకు పోయి చూసే మనిషి కాదు. కూతురు రోజు కుదరక ఇబ్బంది పడుతున్నదనే అనుకున్నది.

మధ్యలో ఒకసారి మింజూరు నుంచి బావ అన్న వచ్చాడు. పిల్లలకు మామిడిపండ్లు తెచ్చాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "పార్కుకు పోయొచ్చినారా?" అని అడిగాడు. పిల్లవాణ్ణి ఎప్పుడు పంపుతారని అడగడానికి ఆయనకు దొరికిన మర్యాదైన దారి అది. పాప గబగబా వచ్చి, "ఇంగా లేదు పెదనాయనా! అమ్మకు రోజులే సరిపోవడంలే!" అన్నది. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది.

"తొందరేం లేదమ్మా. బడి తెరిచేలోగా అయితే చాలు. పేరు రాపించాల గదా," అన్నాడాయన పోతూ పోతూ.

మే నెల వచ్చి కత్తిరి ఎండలు మొదలయ్యాయి. చివరికి అమ్మే దారి కనిపెట్టింది. పాతకాలం వాళ్ళు చేసే పరస్థానం ఆమెకు గుర్తుకొచ్చింది. పోవలసిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే ఒక మంచి రోజు చూసి ప్రయాణపు మూటను పొరుగింట్లో పెడతారు. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా దోషం అంటదు. అయితే ఒక కట్టుబాటు ఉంది. గడప దాటిన మూట ప్రయాణం పూర్తికాకుండా మళ్ళీ ఇంట్లోకి రాకూడదు.

ఒక శుక్రవారం పొద్దున అక్క పెరట్లో స్నానం చేస్తున్నది. అమ్మ పిల్లలిద్దరి గుడ్డలూ ఒక బ్యాగులో సర్ది, దానికి పసుపు కుంకుమ పెట్టి, పక్కింటి పాటి ఇంటికి తీసుకుపోయి వాళ్ళ దేవుడి గూటి కింద పెట్టి వచ్చింది. పాటి అరవావిడ, పాటి అంటే వాళ్ళ భాషలో అవ్వ. మా పిల్లలకు ఆమె ఒడి, మా ఇల్లు ఒకటే. తల తుడుచుకుంటూ వచ్చిన అక్కకు అమ్మ సంతోషంగా చెప్పింది.

"ఇంగ నీకు దిగులొద్దు. పరస్థానం పెట్టేసినా. శూల లేదు, అష్టమి లేదు. తమ్ముడికి సోమవారం సెలవంట, సోమవారమే పోండి."

అక్క తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడింది. "నన్ను అడగొద్దామ్మా?" అన్నది.

"అడిగేదానికి ఏముండాది? నీ కోసమే గదా చేసినా."

ఆ సాయంత్రం నేను ఊరికి వచ్చేసరికి పిల్లవాడు వీధిలోనే ఎదురొచ్చి, బ్యాగు బయలుదేరిపోయిందనీ, తామే ఇంకా ఇక్కడ ఉన్నామనీ చెప్పాడు. ఆ రాత్రి నుంచి వాడి పడక పాటి ఇంట్లోనే. బ్యాగు ఒక్కటే ఉంటే దానికి భయం వేస్తుందట. పాటి వాడికి చాప వేసి, పక్కన తాను పడుకునేది.

ఆదివారం మధ్యాహ్నం పాపకు ఒళ్ళు వెచ్చబడింది. ఎండ అనుకున్నాం. సోమవారం తెల్లవారి చూస్తే వీపు మీద, మెడ మీద నీటిపొక్కులు. అమ్మవారు పోసింది. అమ్మ వేపమండలు తెచ్చి వాకిట్లో కట్టింది. పాపను వేపాకు పరిచిన గుడ్డ మీద పడుకోబెట్టి అక్క పక్కన కూర్చున్నది. ఇక ఆ ఇంట్లోంచి ఎవరూ ఊరికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పార్కు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

పాటి ఇంట్లో నిద్రలేచి పరిగెత్తుకొస్తున్న పిల్లవాణ్ణి నాన్న వాకిట్లోనే ఆపేశాడు. "లోపలికి రావద్దు, నీకూ వచ్చేస్తుంది." వాడిని పాటి చేతికి అప్పగించి, తపాలాఫీసుకు పోయి, వచ్చి పిల్లవాణ్ణి తీసుకుపొమ్మని మింజూరుకు ట్రంక్ కాల్ చేశాడు. నాన్నను నేను తప్పుపట్టలేను. ఒకే ఇంట్లో ఇద్దరికీ వస్తే ఏమవుతుందోనని ఆయన భయం. జ్వరం అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరికీ బావ గుర్తొచ్చే రోజులవి.

మధ్యాహ్నం దాటగానే బావ అన్న వచ్చాడు. వీధిలోనే, వేపచెట్టు నీడలో నిలబడ్డాడు. పిల్లవాడు స్నానం చేసి, తిని, తయారుగా ఉన్నాడు. బ్యాగు పాటి ఇంట్లోనే ఉంది. మా ఇంట్లోంచి తీసుకోవలసింది ఒక్కటి కూడా లేదు. పాప గౌన్లు అందులోనే ఉన్నాయని నేను గుర్తుచేస్తే అమ్మ, "పరస్థానం పెట్టిన మూట విప్పకూడదు, అట్లనే పోనీ," అన్నది. చెంగుతో ముఖం తుడుచుకున్నది. తాను పెట్టిన మూట ఏ ప్రయాణానికి పనికొచ్చిందో ఆమెకు అప్పటికి తెలిసింది.

అక్క వాకిట్లోకి రాలేదు. అమ్మవారు పోసిన బిడ్డను చూసుకునే మనిషి బయటివాళ్ళ ముందుకు రాకూడదు. అదొక్కటే కాదు. భర్త లేనిది ప్రయాణానికి ఎదురు రాకూడదని, బావ పోయినప్పటి నుంచి ఎవరు ఊరికి బయలుదేరినా తానే వంటింట్లోకి తప్పుకునేది. ఆరోజు కిటికీ రెక్క కొంచెం తెరిచి, దాని వెనక నుంచి మాట్లాడింది.

"తల దువ్వుకున్నావా?"

"పాటి దువ్వింది. అమ్మా, పార్కు?"

"పెదనాయన చూపిస్తాడు, పో."

"చెల్లి?"

"చెల్లికి తగ్గినాక వస్తుంది. బస్సులో చెయ్యి బయట పెట్టొద్దు. పెద్దమ్మ చెప్పిన మాట విను."

"నువ్వెప్పుడు వస్తావు?"

"వస్తాలే."

పాటి వాడి నుదుటి మీద విభూతి పెట్టి, "పోయిట్టు వా కణ్ణా," అన్నది. వెళ్ళి తిరిగి రమ్మని. కిటికీ రెక్క అప్పటికే మూసుకున్నది.

నేను తిరువళ్ళూరు దాకా వాళ్ళతో వెళ్ళాను. శుక్రవారం వచ్చినప్పటి నుంచి రాత్రులు అంగట్లోనే పడుకుంటున్నాను కాబట్టి నాకు అడ్డు లేదన్నారు. బస్సులో పిల్లవాడు కిటికీ పక్కన, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిరువళ్ళూరులో మింజూరు వైపు పోయే బస్సు ఎక్కించాక ఆయన కిటికీలోంచి వంగి, "మీ అక్కకు చెప్పబ్బా, మాట తప్పను. ఈ వారంలోనే పార్కు చూపిస్తా," అన్నాడు. ఆ మనిషి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. బస్సు కదిలింది. పిల్లవాడు చెయ్యి బయట పెట్టలేదు. లోపలి నుంచే ఊపాడు.

పాపకు తగ్గాక తలకు నీళ్ళు పోశారు. బళ్ళు తెరిచారు. ఆ పిల్ల కొన్నాళ్ళు పాటి ఇంటికి పోయి దేవుడి గూటి కింద చూసి వచ్చేది. తర్వాత మానేసింది.

దసరా సెలవులకు పిల్లవాడు వచ్చాడు. ఒళ్ళు చేశాడు, కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు. ఆ ఇంట్లో నీళ్ళ తొట్టి ఎక్కడుంటుందో వాడికి తెలియకపోవడమేమిటని నాన్న నా వైపు చూశాడు. మధ్యాహ్నం వసారాలో అక్క పాపకు తల దువ్వుతుంటే వాడు చెల్లెలికి పార్కు సంగతులు మొదలుపెట్టాడు. పెద్ద రాట్నం, ఏనుగు తొండం మీది నుంచి జారడం, చిన్న రైలు, దాని వెనక సముద్రం. పాప నోరు తెరుచుకుని విన్నది. "రైలు కూత పెడుతుందా?" "పెడుతుంది." "ఇంగోసారి చెప్పు." వాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

అక్క దువ్వెన ఆపలేదు.

"రాట్నం పైకి పోయినప్పుడు భయమేసిందా?" అని అడిగింది.

"ఏసింది. ఏడిస్తిని."

"అప్పుడు?"

"అమ్మను గట్టిగా పట్టుకున్నా." తల ఎత్తి అక్క ముఖం చూశాడు. నాలుక కరుచుకున్నాడు. "పెద్దమ్మను," అన్నాడు.

"ఆమె పట్టుకున్నాదా నిన్ను?"

"ఊ. దిగేదాకా."

"అయితే మంచిదే," అన్నది అక్క. పాప జడకు రిబ్బను చుట్టి, ముడి వేసి, "ఇటు రా, నీ తల కూడా చూస్తా," అని వాణ్ణి పిలిచింది. వాడు వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు, కొంచెం ఎడంగా.