ఈదమ్మ రేగడికి పరాయి పేరు

నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే రోడ్డు మీద ఆటో దిగేసరికి రంగు వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. రోడ్డు పక్కన కొత్తగా లేపిన కమానుకు ఇద్దరు మనుషులు నిచ్చెనలెక్కి రంగు పూస్తున్నారు. తెల్లారకముందే లేచి వండి, గంపలో పెట్టుకుని తెచ్చిన భజ్జికూర ఘుమఘుమ కాస్తా ఆ వాసనలో కొట్టుకుపోయింది. తలెత్తి చూస్తే బంగారు రంగు అక్షరాలు: శాంటా ఫే. ఆ కమాను లోపల, ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ళ నడుమ, మా పొలం ఉంది. తాతముత్తాతల కాలం నుంచీ దాని పేరు ఈదమ్మ రేగడి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తిరగని పేరు పెట్టారని కాదు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎవరి నెత్తిన ఎక్కిందో చిన్నప్పుడే తెలుసుకున్నదాన్ని కాబట్టి.

మా చిన్నతనంలో పొలంలో జరుపుకునే పండుగ ఒకటి ఉండేది. మార్గశిరం వెళ్ళిపోయే అమావాస్య. మా ఇంట్లో సగం మాట కన్నడం కనుక ఎళ్ళ అమావాస్య అనేవాళ్ళం. అప్పటికి జొన్న కంకులు పాలుపోసుకుని, శనగ ఆకుల మీది మంచు నాలుకకు పుల్లగా తగులుతూ, గట్ల వెంట కుసుమ ముళ్ళు గట్టిపడుతూ ఉండేవి. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వ పచ్చి శనగలు, అనపగింజలు, కందులు, పల్లీలు, మెంతికూర, చుక్కకూర అన్నీ ఒకే కుండలో పోసి, చింతపండు పులుసులో ఉడికించి, శనగపిండి కలిపి భజ్జి వండేది; నువ్వులద్దిన సజ్జరొట్టెలు గంపెడు కాల్చేది; వెల్లుల్లి దంచి వేసిన అంబలి కొత్తకుండలో చల్లగా పులిసి ఉండేది. బండి ఎక్కింది మొదలు తాత ఎద్దులను తిడుతూనే ఉండేవాడు, అవి ఆయన తిట్లకు అలవాటుపడి తమ ఇష్టమొచ్చినట్టే నడిచేవి.

పొలంలో జొన్నచొప్పతో చిన్న గుడిసె వేసి, సున్నం పూసిన ఐదు రాళ్ళను పాండవులని అందులో నిలబెట్టి మొక్కేవాళ్ళు. ఆ తర్వాత చరగ. అంటే, వండినవన్నీ కొంచెం కొంచెం కలిపి చేటలో పోసుకుని పొలమంతా చల్లడం. మా అవ్వ చల్లుతూ చల్లుతూ, "ఈదమ్మ రేగడీ, తిను తల్లీ!" అని గొంతెత్తి పిలిచేది. పక్క నుంచి "ఉల్లిగడ్డ చెలకా!" అని, ఆ అవతల నుంచి "జంగమయ్య రేగడీ!" అని ఎవరి భూమిని వాళ్ళు పిలిచేవాళ్ళు. పేరు పెట్టి పిలవకపోతే భూమి అలుగుతుందని అవ్వ గట్టి నమ్మకం.

ఆ ఏడు నేను ఆరో తరగతి. మా సోషల్ సారుకు పుస్తకంలో ఉన్నదాని కంటే లేనిది చెప్పడమంటేనే ఇష్టం. గ్లోబు తిప్పి, వేలు ఆగిన చోట కథ ఎత్తుకునేవాడు. ఒకరోజు వేలు శాంటా ఫే మీద ఆగింది. స్పెయిన్ రాజూ రాణీ గ్రెనడా నగరాన్ని ముట్టడించడానికి దాని ఎదుట డేరాలు వేశారట. డేరాలు కాలిపోతే అక్కడే ఊరు కట్టి, దానికి 'పవిత్ర విశ్వాసం' అని పేరు పెట్టుకున్నారట. వాళ్ళ భాషలో అదే శాంటా ఫే. గ్రెనడా లొంగిపోయింది. పేరు మాత్రం ఓడలెక్కి సముద్రం దాటింది. అమెరికాలో ప్యూబ్లో అనే జనం బతికే చోట స్పెయిన్ దొరలు కొత్త పట్నం కట్టి, దానికీ ఆ పేరే తగిలించారు. ఆ జనం పండించుకున్న మక్కలు గుంజుకున్నారు, వాళ్ళ ఆటలూ మొక్కులూ బంద్ చేశారు, దేవతల ముసుగులు తగలబెట్టారు. చివరికి ఆ జనం ముడులు వేసిన తాళ్ళు ఇచ్చి ఊరూరికీ మనుషులను ఉరికించారు. రోజుకో ముడి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన నాడు అందరూ ఒక్కసారే తిరగబడాలి. తిరగబడ్డారు, దొరలను తరిమికొట్టారు, ఒక పుష్కరం పాటు మళ్ళీ అడుగుపెట్టనీయలేదు. ఈ మాట చెబుతూ సారు బల్ల మీద గుద్దిన గుద్దుకు గ్లోబు కిందపడి దొర్లింది.

అమావాస్య నాడు మేం పిల్లలం పాత మోకు ముక్కలకు ముడులు వేసుకుని, గట్లు దుముకుతూ, కుసుమ ముళ్ళు పిక్కలు గీరుతున్నా లెక్కచేయక పొలం నుంచి పొలానికి ఉరికాం. దొరగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోకపోతే తాత ఎద్దునే దొరను చేశాం. ఎంత తరిమినా అది కదల్లేదు. రొప్పుతూ వచ్చిన నన్ను అవ్వ పట్టుకుంది.

"ఏందే నీలా, గీ ముడులేంది?"

కథంతా చెప్పాను. అంబలి పోస్తున్న చేయి ఆపి వింది.

"మల్ల గాళ్ళు రాకముందు గా జాగ పేరేంది?"

"సారు చెప్పలే."

"పోయి అడుగు. పేరు పెట్టనీకి అది వాళ్ళు కన్న బిడ్డనా?"

అడిగాను. సారు మొహం వెలిగిపోయింది. "తెల్ల గవ్వల నీళ్ళ జాగ అనేటోళ్ళంట," అన్నాడు. "దొరలు మల్లొచ్చి పట్నం గుంజుకున్నరు గని, గా జనం ఇంకా ఆడనే ఉన్నరు. గా పేరు ఇంకా పలుకుతనే ఉన్నరు." ఇంటికొచ్చి చెబితే అవ్వ "గట్లుండాలె" అంది. అంతకు మించి ఆమె ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, తాత లేడు, బండీ ఎద్దులూ లేవు. సిర్గాపూర్ వైపు నుంచి కోతలకు వచ్చేవాళ్ళు హైదరాబాద్ దారి పట్టారు. ఉల్లిగడ్డ చెలక సిమెంటు రోడ్డయింది. జంగమయ్య రేగడిలో ఈతకొలను తవ్వుతున్నారు, వానకు మొహం వాచిన ఈ మెట్ట నేలలో! అమ్ముకున్నవాళ్ళను నేను తప్పుపట్టను, ఎవరి కష్టం వాళ్ళది. కానీ వెంచరు మనిషి మా ఇంటికీ వచ్చాడు. "నడుమల మీ పొలమొక్కటే మిగిలిందక్కా. ఇచ్చేస్తే లోపట పార్కుకు మీ ఈదమ్మ పేరే పెడ్తం" అన్నాడు. మా పేరు మాకే దానం చేస్తాడట! చాయ్ ఇచ్చి పంపాను, పొలం మాత్రం ఇవ్వనన్నాను. నా తమ్ముడు అలిగి మాట్లాడడం మానేశాడు. మానితే మానాడు. నేను అమ్మిన రోజున ఈదమ్మ రేగడి అనే మాట ఈ లోకంలో ఉండదు, అది నేను బతికుండగా జరగనివ్వను. వాళ్ళ గోడ మా పొలాన్ని చుట్టుముట్టింది. మా పాత బండ్ల బాట మీదే ఈ కమాను లేచింది.

ఇవాళ ఎళ్ళ అమావాస్య. గంప ఎత్తుకుని దాని కిందికి నడిచాను. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"యాడికమ్మా?"

"ఈదమ్మ రేగడికి."

"గా పేరుది ఈడ లేదు. ఇది శాంటా ఫే."

"పేరు మారిందని నీకెవరు చెప్పిన్రు? నేను మార్చలే. గేటు తియ్యి."

అతను నిచ్చెనల వైపు చూశాడు. రంగు వేసేవాళ్ళు కుంచెలు ఆపి మమ్మల్నే చూస్తున్నారు. నేను గంప దించలేదు, పక్కకు జరగలేదు. కాసేపటికి అతను గొళ్ళెం తీస్తూ, "మల్లొకసారి చెప్పమ్మా, ఏం పేరన్నవు?" అని అడిగాడు.

నిచ్చెనల మీది వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పాను.