నా ఒంటికి నేనే తీసుకున్న తరుగు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకం వేసే పని నాది. ఇరవై రెండేళ్లుగా కాటా పక్కన నిలబడుతున్నాను. రైతు నా పాదం వైపు చూస్తాడు, కాటా అంచు మీద బొటనవేలు ఆనించానేమోనని. నేను అతని మూటలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాను, అడుగున నీళ్లు చల్లుకొచ్చాడేమోనని. ఇద్దరం నవ్వుతూ మాట్లాడుకుంటూనే ఒకరినొకరు అనుమానిస్తాం. ఇన్నేళ్లు ఈ పని చేశాక అనుమానం ఒంటికి పట్టేస్తుంది. ఇంటికొచ్చి స్నానం చేసినా వదలదు.

యార్డులో తరుగు అని ఒక మాట ఉంది. మూట ఎంత తూగితే అంతా పత్తి కాదు కదా. సంచి బరువు ఉంటుంది, తేమ ఉంటుంది, మట్టి ఉంటుంది. వాటి కింద కొంత తీసేసి మిగిలింది రాస్తాం. ఎంత తీయాలన్న దాని మీద రోజూ గొడవే. రైతు ఎంత అరిచినా, తరుగు తీయకుండా నేను ఒక్క అంకె రాసిన పాపాన పోలేదు.

నాలుగేళ్ల కిందట నేను నూట నలభై రెండు కిలోలు. బస్సు మెట్టు ఎక్కాలంటే వెనక నుంచి ఎవరో ఒకరు తొయ్యాలి. వంగితే ఊపిరాడదు కాబట్టి చెప్పులు నా భార్యే తొడిగేది. చక్కెర జబ్బుకు రోజుకు రెండు సూదులు. పడుకుంటే ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి, లేకపోతే నిద్రలో ఊపిరి ఆగిపోతుందన్నారు. జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషన్ బెంగళూరులో చేస్తారని ఎవరో చెబితే ఆమె పట్టుబట్టింది. మా వీధంతా నవ్వింది, తిండి మానుకోలేక పొట్ట కోయించుకుంటున్నాడని.

"నవ్వేటోళ్లు నవ్వనీ. నాకు నువ్వు గావాల," అని ఆమె ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టింది.

ఏడాదిన్నరకు ఎనభై ఆరుకు దిగాను. సూదులు ఆగిపోయాయి. మాస్కు అటక ఎక్కింది. చివరిసారి చూపించుకున్నప్పుడు డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఆపరేషన్ సగం పనే చేస్తుందట, మిగతా సగం నాదేనట. బరువు వెనక్కొస్తే జబ్బు కూడా దాని వెంటే వస్తుందనీ, రెండోసారి కోయడం మొదటిసారంత సులువు కాదనీ అన్నాడు. నా భార్య ఆ మాటలు వింటున్నప్పుడు నా చెయ్యి పట్టుకునే ఉంది.

సన్నబడ్డాక ఊరికి నా మీద అనుమానం మొదలైంది. మావైపు మనిషి సన్నబడితే ఎవరూ మెచ్చుకోరు. "ఏమన్నా, ఇట్ల పీక్కుపోయినావు, ఏం రోగం?" అని హమాలీలు అడిగేవారు. ఆపరేషన్ అని చెబితే ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు, ఇంకేదో పెద్ద జబ్బు దాస్తున్నాననుకుని. నిరుడు నా చెంపలు మళ్లీ కాస్త నిండేసరికి అందరికీ సంతోషం. "తేరుకున్నావన్నా, మొగంలో కళ వచ్చింది" అన్నారు. మా ఊళ్లో కళ అంటే ఎన్ని కిలోలో నాకు తెలుసు.

ఇంట్లో తూకం మిషను తొంభై ఒకటి చూపించింది. ముందుగా మిషన్ను అనుమానించాను. గోడ పక్కన పెట్టాను, వాకిట్లో పెట్టాను, బ్యాటరీ మార్చాను. అయినా నమ్మకం కలగక దాన్ని సంచిలో వేసుకుని యార్డుకు తీసుకెళ్లి, ముద్ర వేసిన ఇరవై కిలోల రాళ్లు దాని మీద పెట్టి చూశాను. గ్రాము తేడా లేదు. మిషను నిజం చెబుతోందంటే తప్పు ఇంకెక్కడో ఉండాలి. తప్పు నాలో ఉండొచ్చన్న ఆలోచన అప్పటికి రాలేదు.

అక్కడే నా చెయ్యి అలవాటు పని చేసింది. లుంగీ బరువు ఉంటుంది కదా అనుకున్నాను. బనియను, మొలతాడు. పొద్దున తాగిన చెంబెడు నీళ్లు. ఇంకా దొడ్డికి పోలేదు, అదొకటి. వీటన్నిటి కింద రెండు కిలోలు తరుగు తీసి క్యాలెండర్ మీద ఎనభై తొమ్మిది అని రాశాను. నాకు అది అబద్ధంలా అనిపించలేదు. తూకమంటే ఎప్పుడూ అట్లాగే రాశాను మరి. తరువాతి నెలల్లో తరుగు నాలుగయింది, ఆరయింది, పన్నెండయింది. ఆదివారం ఆదివారం క్యాలెండర్ చూసి నా భార్య వాళ్లమ్మకు ఫోన్ చేసి, బరువు నిలబడింది, దేవుడు మేలు చేసినాడు అని చెప్పేది. ఆ మాట వినబడకుండా నేను వాకిట్లోకి పోయేవాణ్ణి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆపరేషన్ అయ్యాక అన్నం ముద్ద దిగేది కాదు. జొన్నరొట్టె ముక్క గొంతు కింద అడ్డంపడేది. ఒక్క జిలేబీ తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి గంటసేపు పడుకోవాల్సి వచ్చేది. ఒక్క ఉగ్గాని మాత్రం హాయిగా జారిపోయేది. తడిపి పిండిన బొరుగులు, అదే మరమరాలు, తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. యార్డు గేటు ముందే బండి. బొరుగుల మూట ఎంత పెద్దదైనా ఒంటి చేత్తో లేపేయొచ్చు. కాటా మీద పెడితే పెట్టినట్టే ఉండదు. అంత తేలికైనది నన్నేం చేస్తుంది? పత్తి మనిషిని కాబట్టి తిండిని కూడా మోసి చూసి లెక్కకట్టాను. పొద్దున గుప్పెడు, పదకొండుకు గుప్పెడు, మూటలు దిగేలోపు ఇంకో పొట్లం. ప్లేటు పెట్టుకుని కూర్చుని తినలేదు కాబట్టి తిన్నట్టే అనిపించలేదు. కొంతకాలానికి జిలేబీ తిన్నా చెమటలు పట్టడం మానేశాయి. లోపలి కాపలావాడు నిద్రపోయాడు. నేను దాన్ని ఆరోగ్యం అనుకున్నాను.

ఇంట్లో మాత్రం నేను పెట్టింది తిని లేచే బుద్ధిమంతుణ్ణి. రాగిజావ, కోడిగుడ్డు, గిన్నెడు పప్పు, పెరుగు. మరి ఇంత పద్ధతిగా తింటుంటే బరువెట్లా పెరుగుతోంది? నా అనుమానం మెల్లగా నా భార్య మీదికి తిరిగింది. మా అత్తకు నేను సన్నబడటం మొదటి నుంచీ ఇష్టం లేదు. మగమనిషి పీక్కుపోతే ఇల్లు చిన్నబోతుందని ఆమె నా ఎదుటే అన్నది. తల్లీకూతుళ్లు కలిసి నా జావలో నెయ్యి కలుపుతున్నారని నిశ్చయించుకున్నాను. జావ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాణ్ణి. ఆమె చూస్తే వేడిగా ఉందని ఊదేవాణ్ణి.

దానికి తోడు గురువారాలు. నా భార్య ప్రతి గురువారం ఎమ్మిగనూరు పోతుంది. మా అత్తవాళ్లది అక్కడ మగ్గాల వీధి. "అమ్మకు మోకాళ్లు నొప్పులంట, సూసొస్తా," అంటుంది. చేతిలో స్టీలు క్యారియర్. సాయంత్రం ఆ క్యారియర్ కడిగి తెస్తుంది. ఎంత కడిగినా మూత తీస్తే యాలకుల వాసన. అక్కడి నుంచి నెయ్యి తెస్తోందేమోనని ఒక గురువారం ఆమె తల దువ్వుకుంటుంటే క్యారియర్ చేత్తో ఎత్తి చూశాను. రెండు కిలోలకు తక్కువ లేదు. సాయంత్రం మళ్లీ ఎత్తాను. ఉత్త డబ్బా. అంటే తేవడం లేదు, ఇక్కడి నుంచే ఏదో చేరవేస్తోంది. నా అనుమానానికి ఆ తూకం ఎటూ పొసగలేదు.

తరువాతి గురువారం యార్డులో సగం పూట సెలవు పెట్టి, ఆమె ఎక్కిన బస్సు వెనక బస్సు ఎక్కాను. పెళ్లయిన ఇన్నేళ్లకు భార్య వెనక దొంగచాటుగా పోతున్నందుకు సిగ్గనిపించింది. అయినా దిగలేదు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి నడిచాను. మగ్గాల వీధిలో ఇంటింటికీ టకటకమని చప్పుడు. మా అత్తవాళ్లింట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. నెయ్యి కాగిన వాసన వాకిలి దాకా వచ్చింది. దొరికారనుకున్నాను.

తలుపు తోసి చూశాను. మా అత్త పొయ్యి ముందు కూర్చుని ఓళిగ, అదే బొబ్బట్టు, కాలుస్తోంది. కాళ్లు బాగానే ముడుచుకుంది, మోకాళ్ల నొప్పులేమీ కనబడలేదు. నా భార్య మగ్గం గుంత పక్కన నేల మీద కూర్చుని, ప్లేటులో వేడి ఓళిగ తుంచుకుని కళ్లు మూసుకుని తింటోంది. పక్కన మూత తీసిన క్యారియర్, ఒక గిన్నెలో బెల్లం, ఇంకోదాంట్లో మిగిలిన శనగపప్పు.

మా అత్త నన్ను చూసి గబుక్కున పెనం మీద పళ్లెం బోర్లించింది. నా భార్య కళ్లు తెరిచింది. నోట్లోది మింగి అడిగింది.

"ఎవుర్ని పట్టుకోనీకి వచ్చినావు?"

"నిన్నే," అన్నాను.

"పట్టుకున్నావు గదా. ఇంగ కూచో."

నేను నిలబడే, "జావలో నెయ్యి కలుపుతాండావా?" అని అడిగాను. బస్సంతా మనసులో తిప్పుకుంటూ వచ్చిన ప్రశ్న అది. అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె నా ముఖం వైపే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "నీ జావలో ఉప్పు గూడ ఆలోచించి యేస్తానయ్యా. మూడేండ్లాయె మనింట్లో తీపి వండి. వాసనొస్తే నీ మనసు లాగుతాదని బెల్లం అచ్చు గూడ కనపడనిచ్చినానా? నాకూ నోరుంది గదా. వారానికొగ రోజు ఈడికొచ్చి తింటాండా, దొంగ మాదిరి."

మా అత్త పళ్లెం తీయకుండానే అన్నది, "కూతురు పుట్టింటికొచ్చి ఒగ ఓళిగ తింటే తప్పా నాయనా?" ఓళిగ మాడిన వాసన వచ్చింది. ఎవరూ పెనం దించలేదు.

ముప్పై కిలోమీటర్లు బస్సులో కూర్చుని పప్పూ బెల్లం మోసుకొచ్చి తినే మనిషిని నేను అనుమానించాను. నేనేమో గేటు ముందే నిలబడి తింటున్నాను. కూర్చున్నాను. కూర్చున్నాక ఇక దాచలేకపోయాను. ఉగ్గాని సంగతి, పొట్లాల సంగతి, జిలేబీ సంగతి అన్నీ చెప్పాను. నా భార్య తనకు ఆ వాసన ముందే తెలుసనీ, నా చొక్కా జేబులో పుట్నాల పొడి దులిపి ఉతుకుతోందనీ చెప్పింది.

"పోనీలే. తింటే తింటివి, బరువైతే నిలబడింది గదా. ఎనబై తొమ్మిదే గదా క్యాలెండర్ మింద," అన్నది.

"అది తరుగు తీసి రాసింది," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను లుంగీ, నీళ్లు, మొలతాడు అని చెప్పుకుంటూ పోయాను. చెబుతుంటే నాకే వినడానికి అసహ్యంగా ఉంది.

"నిజం సెప్పు. ఎంత?"

"నూటొకటి."

ఆమె చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేసింది. చేతికంటిన నెయ్యి కొంగుకు తుడుచుకుంది. "తరుగు రైతుకు తీస్తారు," అన్నది. "పెండ్లానికి గూడ తీస్తారా?"

యార్డులో నన్ను ఎంతోమంది ఎన్నో మాటలన్నారు. చొక్కా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏ మాటా ఇంత తగల్లేదు.

ఆ వారమే ఇద్దరం బెంగళూరు పోయాం. చక్కెర అప్పుడే అంచు మీదికి వచ్చిందన్నారు. ఇంకో ఆర్నెల్లు ఆలస్యమైతే సూది మళ్లీ మొదలయ్యేదట. అక్కడ తిండి సంగతులు చెప్పే అమ్మాయి తీపి మానేయమని చెబుతుందనుకున్నాను. ఆమె ఉగ్గాని గురించే ఎక్కువ అడిగింది. మెత్తగా జారిపోయేదే కడుపును మోసం చేస్తుందట. నిండినట్టు తెలియనివ్వదట. ముందు గుడ్డో పప్పో తిను, కూర్చుని నములు, తిరుగుతూ ఏదీ నోట్లో వేసుకోకు, తీపి కావాలంటే దాచుకోకుండా ప్లేటులో పెట్టుకుని కొంచెం తిను అని చెప్పింది. దాచుకోకుండా అన్నప్పుడు నా భార్య నా వైపు చూసింది.

ఇప్పుడు క్యాలెండర్ మీద అంకె ఆమే రాస్తుంది. మిషను ఏం చూపిస్తే అదే. ఎనిమిది నెలల్లో నూటొకటి నుంచి తొంభై నాలుగుకు వచ్చాను. ఎనభై ఆరు మళ్లీ చూస్తానో లేదో చెప్పలేను, డాక్టరూ చెప్పలేదు. ఆదివారం ఇంట్లో ఉగ్గాని చేస్తుంది, నాకు చిన్న గిన్నెలో, పక్కన సగం బజ్జీ. గేటు ముందు బండి దాటేటప్పుడు ఇప్పటికీ కాళ్లు నెమ్మదిస్తాయి. కొన్ని రోజులు ఆగుతాను కూడా. ఆగిన రోజు ఇంటికెళ్లి చెబుతాను. ఆమె నమ్మినట్టు తలూపి, చొక్కా జేబు మాత్రం తిరగేసి చూస్తుంది. నేనేమీ అనను.

గురువారం ఓళిగలు మా ఇంట్లోనే కాలుస్తుంది, రెండే. పప్పూ పెరుగూ తిన్నాక నాకు ఒకదాంట్లో పావు ముక్క. మిగతాది ఆమెకు. ఇద్దరం ఒకే చాప మీద కూర్చుంటాం. నా ముక్క నాలుగు నమలడాల్లో అయిపోతుంది. ఆమె మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుని, వీపు నాకు చూపిస్తూ మెల్లగా తింటుంది. ఇటు తిరగమని అడిగితే తిరుగుతుంది, నాకు తెలుసు. కానీ తిరిగితే నా చూపు ఆమె ముఖం మీద ఉందో, చేతిలోని ముక్క మీద ఉందో చూసేస్తుంది. అందుకని ఇంకా అడగలేదు.