దారివ్వని గొర్రెలు

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ఉంటే మా చిన్నమామను ఎప్పుడో పట్టుకుని ఉండేవి. చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు, రంగప్ప. మా ఊరు రాయచెర్లులో నలుగురు కూర్చున్న చోట ఆయనకొక కుర్చీ వేస్తారు. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నేను దయ్యాల్ని నమ్మడం లేదు. కళ్లతో చూసింది చెప్తాను, అంతే.

మా అత్త నాగమ్మకు గొర్రెలంటే ప్రాణం. నేను కోడలిగా వచ్చేనాటికి ఇంట్లో పెద్ద మందే ఉండేది, ముందు నడిచే పొట్టేలుకు మెడలో గంట. ఒక ఏడు ఆ మంద చిన్నమామ శెనక్కాయ చేలో పడింది. కొన్నాళ్లకు గట్టు వెంట ఎవరో తవుడు పోసి ఉంటే గొర్రెలు తిన్నాయి. సాయంత్రానికి నోట నురగతో ఒక్కొక్కటే కూలిపోయాయి. తవుడులో పురుగుల మందు వాసన నాకూ తగిలింది.

అత్త నేరుగా చిన్నమామ దగ్గరికే వెళ్లి అడిగింది. ఆయన గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, తనకేమీ తెలియదని ప్రమాణం చేశాడు. మా వైపు కర్పూరం ఆర్పాక ఇంక మాట లేదు. పైగా నింద వేసినందుకు అత్తే అందరి ముందు చేతులు జోడించి తప్పయిందనాల్సి వచ్చింది. దొంగే దొర అయ్యాడు. ఆ రోజు నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

మందను పూడ్చిపెట్టిన చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. చుట్టూ కంచె వేశారు. గొర్రెలు కాసిన కర్ర ఒక్కటి మాత్రం అత్త దగ్గర మిగిలింది.

ఆమెకు మొదట కుడిచెయ్యి వణికేది. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి, గొంతు సన్నగిల్లింది, గడప దగ్గరకు రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. బెంగళూరులో నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు. కాళ్లు ఆగిపోయినప్పుడు ముందు ఒక కర్ర అడ్డంగా పెట్టమన్నాడు. దాన్ని దాటాలన్న ధ్యాసలో కాలు లేస్తుందట. మేం ఆ గొర్రెల కర్రే పెట్టేవాళ్లం. ఆమె నిజంగానే దాటేది.

కొన్నేళ్లకు మతి కూడా తప్పింది. అప్పుడు గొర్రెలు వచ్చాయి. మంచం చుట్టూ, వంటింట్లో, ఆమెకు ఎక్కడ చూసినా గొర్రెలే. "పక్కకు జరుగు భాగ్యా, తొక్కుతావు" అనేది నాతో.

మళ్లీ బెంగళూరు తీసుకుపోయాం. డాక్టరు దాచకుండా చెప్పాడు. వణుకు మాత్ర పెంచితే నడక కాస్త బాగుంటుంది, గొర్రెలు ఎక్కువవుతాయి. తగ్గిస్తే గొర్రెలు తగ్గవచ్చు, మనిషి కట్టెలా బిగుసుకుపోతుంది. మెదడులో తీగలు పెట్టే ఆపరేషను మతి తప్పిన వాళ్లకు చేయరు. మరపుకు ఒక మాత్ర ఉంది, కొంతకాలం కొంత తేటగా ఉండవచ్చు. ఇది నయమయ్యేది కాదు. పోనుపోను మింగడం కష్టమవుతుంది, ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది. తెలివిగా ఉండే పూటలు కూడా తగ్గిపోతాయి. గొర్రెలను చూసి ఆమె భయపడకపోతే వాటి జోలికి పోవద్దని, లేవని వాదించవద్దని అన్నాడు.

నాకు ఒక్కటే దిగులు పట్టుకుంది. ఆమెకు తెలివి ఉండగానే, చిన్నమామ తన నోటితో "నేనే చేసినా" అనాలి. అనకుండా ఆమె పోతే నేను బతికున్నన్నాళ్లూ ఆయన్ను తిట్టుకుంటూనే ఉంటాను.

భయపడుతోందేమోనని ఒకరోజు అత్తను అడిగాను. "గొర్రెలు ఏమన్నా చేస్తాండాయా అత్తా?"

"ఏం చేయవు. ఆయప్ప కోసం చూస్తాండాయి."

ఏ అప్ప అని నేను అడగలేదు.

చిన్నమామ మనవడికి పెళ్లి కుదిరింది. మా వంశంలో ఇప్పుడు అత్తే పెద్దది, మొదటి పత్రిక ఆమెకే ఇవ్వాలి. లేకపోతే మా గడప తొక్కేవాడు కాదు. పట్టపగలు, భోజనాల వేళ దాటాక వచ్చాడు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా. వెంట ఆయన భార్య చిన్నత్త, పెళ్లికూతురి పిన్నమ్మ ఉన్నారు. పత్రిక, ఆకువక్క అత్త ఒళ్లో పెట్టి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగాడు. అత్త ఆయన కాళ్ల వైపే చూస్తూ ఉంది.

వెళ్తామని లేచాడు. నట్టింట్లోకి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఈడ గంట యాడిది?" అన్నాడు.

మాకెవరికీ ఏ గంటా వినపడలేదు. చిన్నత్త రమ్మంటే ఆయన కదలలేదు. కాలు ఎత్తబోతాడు, మడమ లేస్తుంది, వేళ్లు నేలను వదలవు. మా అత్త గడప దగ్గర ఎలా నిలబడిపోయేదో అచ్చం అలాగే. చిన్నత్త చెయ్యి పట్టి లాగింది. ఆయన ముందుకు తూలాడు గానీ అడుగు పడలేదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

గొర్రెల కర్ర గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎదురుగా అడ్డం పెడితే ఆయన దాటుతాడేమో. నాకు తెలుసు. నేను కదల్లేదు.

"కాళ్లకు అడ్డం పడతాండాయి వదినా, తప్పుకోమని చెప్పు" అన్నాడు ఏడుపు గొంతుతో.

అత్త ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో మతి తప్పిన జాడ లేదు. వెనకటి నాగమ్మే.

"ఎందుకొచ్చినాయో చెప్పు, పోతాయి."

ఆయన చిన్నత్తను చూశాడు, ఆ కొత్త చుట్టాన్ని చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"తవుడులో మందు కలిపింది నేనే వదినా. కర్పూరం అబద్ధానికి ఆర్పినా."

"నాకు తెలుసప్పా" అంది అత్త. "వీళ్లకు తెల్యాల."

ఏడాదిగా ఆమె మాట వినాలంటే నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చేది. అలాంటిది ఒక్కసారిగా మందను మళ్లించే కూత పెట్టింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. చిన్నమామ కాళ్లు వదులయ్యాయి. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. గడప దాటుతుంటే చూశాను, ఆయన పంచెకు రెండు మోకాళ్ల పక్కలా మట్టి, జిడ్డు పట్టి ఉంది. మందలో నిలబడితే బట్టలకు అంటే జిడ్డు అది. మా ఇంట్లో గొర్రె లేక ఎన్నేళ్లయిందో. నేల అద్దంలాంటి టైల్స్, పొద్దున నేనే తుడిచాను.

మాత్రలు మార్చలేదు. అయినా అత్తకు గొర్రెలు మళ్లీ కనపడలేదు. డాక్టరుకు చెప్తే, ఈ జబ్బులో అలా వచ్చి పోవడం ఉంటుందన్నాడు. ఉంటుందేమో. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో, డాక్టరు చెప్పిన నెమ్ముతోనే ఆమె పోయింది. బాధపడలేదు.

చిన్నమామ కాళ్లు మాత్రం అప్పటి నుంచి ఏ గడప దగ్గరైనా ఆగిపోతున్నాయి. అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి స్కానులు తీయించారు. చెయ్యి వణకదు, మతి బాగుంది, జబ్బేమీ లేదట. నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

మొన్న చిన్నత్త వచ్చింది. ఇంట్లో ఏ కర్ర పెట్టినా ఆయన దాటడం లేదట, మా అత్త కర్ర ఒకసారి ఇవ్వమంది.

కర్ర ఆమె వెనకాలే, గోడకు ఆనించి ఉంది.

"అత్తతో పాటు మట్టిలో పెట్టేసినాం చిన్నత్తా" అన్నాను. కర్పూరం ఆర్పమంటే ఆర్పేదాన్ని.