కత్తుల మీద శాంతి పుస్తకం

ప్రపంచ శాంతిని నిలువునా ముంచబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. చక్రవర్తులూ సేనాపతులూ కలిసి కష్టపడితే తప్ప కాని పనిని నేనొక్కణ్ణీ, అదీ పండగ పూట, పట్టుపంచె కట్టుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమలు పట్టుకుని చెయ్యబోయాను. ఎలాగంటారా, చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది.

ఇరవయ్యో శతాబ్దం ఇంకా గుమ్మం దాకా రాని రోజులవి. రామచంద్రపురం పక్కన ఒక చిన్న జమీందారు గారి బడిలో నేను ఇంగ్లీషు పంతుల్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అది ఖాయమైతే తప్ప మా ఆవిడను కాపురానికి పంపేది లేదని తణుకు దగ్గరున్న మా మామగారు భీష్మించుకుని కూర్చున్నారు. అంటే నా అన్నమూ నా సంసారమూ రెండూ జమీందారు గారి నోటి మాట మీద వేలాడుతున్నాయన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే నా గుండెదడ మీకు అర్థం కాదు.

ఆ రోజుల్లో సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక శాంతి సంఘం ఉండేది. రైతులు కాలువ నీళ్ళ తగాదాలను పెద్దమనుషుల దగ్గర తేల్చుకున్నట్టే, రాజులు కూడా తమ తగాదాలను మధ్యవర్తుల దగ్గర తేల్చుకోవాలనీ, యుద్ధాలు మానెయ్యాలనీ దాని వాదం. దేశదేశాల్లో శాఖలున్నాయి. ప్రతి శాఖా ఏడాదికొక నివేదిక పంపితే, అన్నిటినీ కలిపి ఉద్యమ చరిత్రగా అచ్చు వేస్తారు. అందులో అధ్యక్షుల పేర్లు కూడా పడతాయని తెలిసిన మర్నాడే మా జమీందారు గారికి యుద్ధాల మీద అసహ్యం పుట్టింది. ఆయన అధ్యక్షులు, నేను కార్యదర్శిని, సభ్యులు పదకొండు మంది.

నెలకొక ఆదివారం సభ. సీమ నుంచి వచ్చిన కాగితాన్ని నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. యుద్ధం చెడ్డదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించేవారు. ఆ తర్వాత ఫలహారం. గారెలా, పులిహోరా అన్న విషయంలో మాత్రం మా శాంతి సంఘంలో ఏనాడూ రాజీ కుదరలేదు. ఇవన్నీ, గారెల సంగతి తప్ప, ఎర్రగుడ్డ అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకంలో నేను గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టేవాణ్ణి.

రెండో ఏడు నివేదిక రాయడానికి కూర్చుంటే రాయడానికేమీ కనబడలేదు. పదకొండు మంది కూర్చున్నారు, లేచారు అని ఎన్నిసార్లు రాస్తాం? కలానికి కాస్త స్వేచ్ఛ ఇచ్చాను. మా అధ్యక్షులు ఆయుధాన్ని కంటితో చూసి కూడా ఓర్వలేరనీ, వారి ఇల్లంతా గాలించినా ఒక్క కత్తి దొరకదనీ రాసేశాను. నిజానికి ఆయన హాల్లో గోడ కనిపించకుండా కత్తులూ బల్లేలూ ఉండేవి. రెండు తుపాకులు సరేసరి. సముద్రాల అవతలి నుంచి ఎవడొచ్చి చూస్తాడులే అనుకున్నాను.

వస్తామని ఉత్తరం వచ్చింది. అంతటి మహానుభావుణ్ణి దర్శించాలని వాళ్ళ పెద్దమనిషి ఒకాయన ముచ్చటపడుతున్నారట. ఉద్యమ చరిత్ర రాస్తున్నది కూడా ఆయనేనట. దసరా వెళ్ళిన నాలుగు రోజులకు కాకినాడలో ఓడ దిగి మా ఊరు వస్తారు, మా రికార్డులు చూస్తారు. చదివి నాకు చెమటలు పట్టాయి గానీ, వెంటనే ఒక ఉపాయం తట్టింది. పండగ కాగానే గోడలకు సున్నం వేయించాలని చెప్పి, కత్తులన్నీ ధాన్యపు కొట్టులోకి చేరవేయిస్తే సరిపోతుంది. జమీందారు గారికి ఉత్తరంలో సగమే చదివి వినిపించాను.

దుర్గాష్టమి వచ్చింది. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం గోడ మీది ఆయుధాలన్నీ దించి, నూనె పట్టించి, హాలు మధ్య పీట మీద పేరుస్తారు. పక్కన పుస్తకాలు పెడతారు. పూజ అయిందా, ఇక దశమి పొద్దున్న పురోహితుడు కదిపేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. ఊళ్ళో వడ్రంగి ఉలీ, మంగలి కత్తీ, రైతు నాగలీ అన్నిటికీ అదే విశ్రాంతి.

ఇక నా ఘనకార్యం. మా శాంతి పుస్తకాన్ని ఎవరో ఒక మూల పాత కాగితాల కట్టల కింద పెట్టారు. నాకు రోషం వచ్చింది. ప్రపంచ శాంతి ఆ మూలనా? తీసి, నా చేతులతో నేనే, కత్తుల గుట్ట మీద, నట్టనడిమిన నిలబెట్టాను. అటొక తుపాకీ, ఇటొక తుపాకీ. భలే ఉందయ్యా అన్నారు జమీందారు గారు. పూజ అయ్యాక బూడిద గుమ్మడికాయ పగలగొట్టి కుంకుమ నీళ్ళు చల్లితే, పుస్తకం మీద కూడా ఎర్రగా నాలుగు చుక్కలు పడ్డాయి.

హారతి ఇంకా ఆరలేదు. బంట్రోతు వచ్చి, ఎవరో ముసలి తెల్లదొర కాలువ రేవులో పడవ దిగి ఇటే వస్తున్నారని చెప్పాడు. ఓడ ముందుగా వచ్చేసిందట. ఒక దుప్పటి కప్పబోతే పురోహితుడు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. పోనీ ముందు బడి చూపిద్దామని వీధిలోకి పరిగెత్తేసరికి ఆ పెద్దమనిషి అరుగు మీద కూర్చుని, ఎంతో మర్యాదగా బూట్లు విప్పుకుంటున్నారు.

లోపలికొచ్చి చూశారు. కత్తులు చూశారు, తుపాకులు చూశారు, ఎర్ర చుక్కలు చూశారు. అన్నిటి పైనా, తమ సంఘం పేరు నా గుండ్రటి అక్షరాల్లో ఉన్న పుస్తకం చూశారు. టోపీ తీసి అలాగే నిలబడిపోయారు. అయిపోయింది, మా ఆవిడ ఇక పుట్టింట్లోనే ముసలిదైపోతుందని నేను మనసులో అనుకున్నాను. తీరా చూస్తే ఆయన కళ్ళలో నీళ్ళు. ఆయుధాలన్నీ తెచ్చి ఈ పుస్తకం పాదాల దగ్గర సమర్పించారా అని ఇంగ్లీషులో నన్ను అడిగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి గబగబా రాసుకోవడం మొదలుపెట్టారు. నేను తల ఊపాను. మీరైనా ఊపుతారు.

జమీందారు గారికి ఇంగ్లీషు రాదు, కానీ చూపు వాడి.

"ఏంటయ్యా పంతులూ, ఆయన అంత ఇదిగా రాసుకుంటున్నాడు?"

"తమరు ఆయుధాలన్నీ ఇక శాశ్వతంగా వదిలేశారని అనుకుంటున్నారండి."

"అలాగని ఎవరు చెప్పారు?"

"నేనేం చెప్పలేదండి. తల మాత్రం ఊపానండి."

"మా తాతగారి కత్తి నేనెందుకు వదులుకుంటానయ్యా? ఎల్లుండి జమ్మిచెట్టు దగ్గరికి అది పట్టుకునేగా వెళ్ళేది. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి. అచ్చులో అబద్ధం పడితే పడేది నా పేరు మీద."

చెప్పాను. ఒకటి చెప్పడం మొదలుపెడితే రెండోది ఆగలేదు. ఇది ఊరంతా చేసే పూజనీ, దశమికి మళ్ళీ గోడెక్కుతాయనీ, పోయినేటి నివేదికలో రాసిన కత్తి లేని ఇల్లు నా సొంత కల్పన అనీ, జమీందారు గారికి ఆ పాపంలో భాగం లేదనీ అన్నీ కక్కేశాను. ఆ ముసలాయన తన చిన్న పుస్తకం మూసేశారు. కత్తుల గుట్ట వైపు చూస్తూ ఒక ప్రశ్న వేశారు.

"ఈ రెండు రోజులూ వీటిని ఎవరూ తాకరా? దొంగలు పడితేనో?"

నేను తెలుగులో అడిగాను. జమీందారు గారు మీసం దువ్వుకుంటూ అన్నారు. "దొంగ ఇంట్లో మాత్రం పూజ ఉండదా ఏంటి? వాడూ గునపాన్ని పీట మీద పెట్టుకుని ఉంటాడని చెప్పు."

చెప్పాను. ఆ ముసలాయన కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక నన్ను దగ్గరికి పిలిచారు.

"నలభై ఏళ్ళ నుంచి రాజుల గుమ్మాల చుట్టూ తిరుగుతున్నాను, ఏడాదికి ఒక్క రోజు ఆయుధాలు దించండని. ఒక్కరూ దించలేదు. మీ ఊరు ఊరంతా రెండు రోజులు దించింది. నువ్వు లేనిదంతా రాశావు గానీ, ఉన్న ఈ ఒక్క ముక్కా ఎందుకు రాయలేదు నాయనా?"

సిగ్గుతో నేను తల దించుకున్నాను, కానీ గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ మాట మా పుస్తకంలో తన చేతితో రాస్తానన్నారాయన. పూజలో ఉన్న పుస్తకం దశమి దాకా తాకడానికి వీల్లేదన్నారు పురోహితుడు. దాంతో ఆయన రెండు రోజులు ఉండిపోయి, గారెలూ పులిహోరా రెండూ మెచ్చుకుని, దశమి నాడు రాసి మరీ వెళ్ళారు. ఆ సాయంత్రమే జమీందారు గారు నా ఉద్యోగం ఖాయం చేశారు. ఇకమీదట సీమకు ఏం పంపినా ముందు తెలుగులో తనకు వినిపించాలని షరతు పెట్టారు.

మరుసటి ఏటికి చరిత్ర అచ్చయి వచ్చింది. మా శాఖకు ఏకంగా ఒక పేరా. అల్లుడి పేరు సీమలో అచ్చయిందని తెలిసి మా మామగారు ఉప్పొంగిపోయారు. కూతుర్ని స్వయంగా దిగబెట్టి, ఆ పేజీ అడిగి తీసుకెళ్ళి, అద్దం కట్టించి, తమ వీధి గదిలో తగిలించారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పేరాలో పూజ సంగతి చక్కగా వర్ణించాక, నా పేరు వేసి దాని పక్కనే రాసిన వాక్యం ఇదీ: "ఈ శాఖ కార్యదర్శి పంపే నివేదికలను నమ్మరాదు, ఆయన ఒప్పుకోళ్ళను మాత్రం పూర్తిగా నమ్మవచ్చు."

నాటి నుంచి నేటి దాకా ఆ ఇంటికి వచ్చిన ఇంగ్లీషు తెలిసిన ప్రతి మనిషీ ఆ అద్దం ముందు నిలబడి చదివి, నా వైపు తిరిగి, ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుంటాడు. మామగారు అది గౌరవమనుకుని మురిసిపోతారు. కనుక గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. జరగనిది రాయను, జరిగింది వదలను, కత్తి ఉన్న చోట కాగితం పెట్టను, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి చచ్చినా మా మామగారింటికి భోజనానికి తీసుకెళ్ళను.