టోపీ ఆటకు దస్తావేజు

ఆ రోజుల్లో ఒక వీడియో గేమ్ ఎలా ఆడాలో తెలియాలంటే ఆడి ఓడిపోవాలి, లేదా ఆడేవాడి వెనుక మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి చూడాలి. ఇప్పుడు అలా కాదట. ఒక్కో ఆట గురించి దాని అభిమానులంతా కలిసి ఇంటర్నెట్‌లో పెద్ద పుస్తకమంత రాసుకుంటున్నారని మొన్న మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. ఏది రాయాలి, ఏది రాయకూడదు అని వాటికి నియమాలు కూడా ఉన్నాయి. నేను ఆటను వదిలేసి ఆ నియమాలన్నీ వరసగా చదివి, "ఇవి ఎనభైలల్లనే హనుమకొండల నేను రాసిన బిడ్డా" అన్నాను. అమ్మాయి నవ్వి, నీళ్ళు కావాలా అని అడిగింది.

చౌరస్తా వెనుక సందులో రేడియోలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని కాక అనేవాళ్ళం. దుకాణంలో సగం ఖాళీ చేసి, హైదరాబాద్ నుంచి ఒక వీడియో గేమ్ పెట్టె తెప్పించాడు. అందులో టోపీ పెట్టుకున్న బుడ్డోడు కోటలో నిచ్చెనలెక్కుతూ తాళంచెవులు ఏరుకోవాలి. గబ్బిలం తగిలితే చస్తాడు, నిప్పుల గుండంలో పడితే చస్తాడు, ఒక్కోసారి ఎందుకో తెలియకుండానే చస్తాడు. "కాకా, మూడో స్టేజిల ఏముంటది?" అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక, ఆయన ఒక పొడుగు నోట్‌బుక్కును సుతిలితో మేకుకు కట్టి, తెలిసినవాళ్ళు తెలిసింది రాయండని వదిలేశాడు. జనం రాశారు. "మూడో స్టేజిల పైలం" అని ఒకరు, "నన్ను కొట్టెటోడు వరంగల్ల లేడు" అని ఇంకొకరు, "మా బామ్మర్ది సూసిండట, ఆఖర్ల రాణి కనపడ్తదట" అని మరొకరు. అది చూసి నా ప్రాణం విలవిల్లాడింది.

దానికి కారణం మా మేనమామ. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. ఇంటర్ అయ్యాక ఏం చేయాలో తోచక నేను ఆయన దగ్గర నకళ్ళు రాస్తుండేవాణ్ణి. హద్దులు లేని భూమీ, సాక్షులు లేని సంతకమూ ఆయన దృష్టిలో మహాపాపాలు. అందుకని నేను కాక నోట్‌బుక్కు మొదటి పేజీలో, ఎవరూ అడగకుండానే, పదిహేడు నియమాలు రాశాను. "స్వయముగా ఆడి కన్నులారా చూడని సంగతి ఇందులో రాయరాదు" అన్నది మొదటిది. ప్రతి సంగతికీ ఇద్దరు సాక్షులుండాలి. రాసినవాడు తండ్రి పేరూ నివాసమూ విధిగా చూపాలి. స్వోత్కర్ష పనికిరాదు. ఎడమ, కుడి అనకుండా దిక్కులు రాయాలి. ఆ ప్రకారం ఆటలోని ఒక రహస్య ద్వారం గురించి ఇలా తయారైంది: "సదరు ద్వారమునకు ఉత్తరాన నిచ్చెన, దక్షిణాన నిప్పుల గుండము, పైన గబ్బిలము, కింద నేల." (వానాకాలంలో కప్పు కురిసి, కాక ఆ పెట్టెను తూర్పు గోడ దగ్గర్నుంచి దక్షిణపు గోడకు మార్చాడు. నేను రెండు రోజులు కూర్చుని ముప్పై పేజీల్లో ఉత్తరాలన్నీ తూర్పులు, దక్షిణాలన్నీ పడమరలు చేశాను. ఎవరూ నవ్వలేదు. అదే నాకిప్పుడు ఆశ్చర్యం.)

ఇంత చెప్పి అసలు సంగతి దాచడం బాగుండదు. నాకు ఆ ఆట రాదు. హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి వణికేది; మొదటి స్టేజిలో రెండో నిచ్చెన దాటిన పాపాన పోలేదు. ఎవరూ లేనప్పుడు ఆడి, ఓడి, చొక్కా సర్దుకునేవాణ్ణి. ఇతరులు ఆడుతుంటే వెనుక నిలబడి చూసి, అడిగి, రాసుకునేవాణ్ణి. ఇన్ని నియమాలు పెట్టినవాడు కోటంతా ఎన్నిసార్లో చుట్టి వచ్చి ఉంటాడని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. ఆ దుకాణంలో "రైటర్ సాబ్" అని నాకు దారి ఇచ్చేవారు. ఇంకెక్కడా నాకు ఎవరూ దారి ఇచ్చేవారు కాదు.

పరకాల నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒకతను మా అందరిలో గొప్ప ఆటగాడు. పరకాలన్న అనేవాళ్ళం. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఒక్కడే ఆడి ఏడో స్టేజి గురించి అతను రాసింది, సాక్షులు లేరని నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. మర్నాడు సాయంత్రం దుకాణం నిండా జనం ఉండగా వచ్చాడు.

"ఏడో స్టేజికి నేను తప్ప ఎవ్వలు పోలే. సాక్షులను యాడికెళ్లి తేవాలె? గీ రూల్లు రాసినాయన ఏ స్టేజి దాంక పోయిండో జర అడుగుండ్రి" అంటూ మొదటి నియమం గట్టిగా చదివాడు. అందరూ నా వైపు తిరిగారు. కాక పెట్టె ముందు స్టూలు జరిపాడు. కూర్చున్నాను. మొదటి నిచ్చెన ఎక్కాను. రెండో నిచ్చెన దగ్గర గబ్బిలం వచ్చింది. టోపీవాడు పడ్డాడు. ఆటకుండే మూడు ప్రాణాలూ అక్కడే పోయాయి. వెనుక ఒకరు కిసుక్కున నవ్వారు.

లేచి, మేకు మీద నుంచి నోట్‌బుక్కు తీసి, ఎర్ర పెన్నుతో పేజీలు అడ్డంగా కొట్టేయడం మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాక పరకాలన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం జేస్తానవ్‌రా?"

"నేను ఆడి రాయలే అన్నా, సూసి రాసిన. మొదటి రూల్ ప్రకారం ఇది చెల్లది."

"సాలు తియ్యి. దీన్ని కొట్టేస్తే నేను ఆరో స్టేజి ఎట్ల దాటాలె? ఊరికి పోయి నాలుగు దినాలకు వస్తే మర్శిపోత. రోజు ఇది సదివినంకనే ఆట షురూ జేస్త." గొంతు తగ్గించి అన్నాడు: "నేను గూడ సక్కగ రాయలే. ఏడో స్టేజిల ఇంకో తొవ్వ ఉన్నది, అది దాసుకున్న. ఆడెటోడు ఎవడైన సగం దాస్తడు. నీకు ఆటనే రాదాయె, దాసెతందుకు నీకేమున్నది? నువ్వే రాయాలె."

అందరి ముందూ కూర్చుని ఆ దారిలో వెళ్ళి చూపించాడు. మేము పదిమందిమీ మొదటిసారి ఏడో స్టేజి చూశాం. నేను రాశాను. నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు. సాక్షి సంతకాలకు చోటు చాలక వెనుక పేజీలోకి పోయాం. మొదటి నియమంలో "ఆడి" అన్న మాట కాకే కొట్టేశాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తున్నప్పుడు కలిగినంత సంతోషం తర్వాత ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

రెండేళ్ళకు పెట్టె పాడైపోయి, కాక దాన్ని తీసేశాడు. నోట్‌బుక్కు ఎవరికి కావాలని అడిగితే పరకాలన్న చెయ్యి చాపాడు. నేను తీసి ఇచ్చాను. పైగా అట్ట తుడిచి మరీ ఇచ్చాను. నిజానికి అది నాకే కావాలని గొంతు దాకా వచ్చింది. "అన్నా, నాకియ్యి" అంటే మారుమాట లేకుండా ఇచ్చేసేవాడే. ఊరందరికీ ఏది ఎలా రాయాలో చెప్పిన ఆ కుర్రవాడికి, తనకేం కావాలో చెప్పడం మాత్రం చేతకాలేదు. వాడిని తలుచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది, అంతే.