చూడకుండా వేసిన సీలు

నిన్న పొద్దున మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని మా ఫ్లాట్‌కు కంపెనీ తరఫున ఒకాయన వచ్చి పాత నీళ్ల మీటర్ విప్పేసి, కొత్తది బిగించి, నేను చొక్కా తొడుక్కుని కిందికి దిగేలోపే పని ముగించి వెళ్లిపోయాడు. కొత్త మీటర్‌కు ముల్లు లేదు, తిరిగే చక్రం లేదు, తన లెక్కను తానే ఆఫీసుకు పంపుకుంటుందట. ఇకనుంచి రీడింగ్ కోసం ఎవరూ వచ్చి బెల్లు కొట్టరని మా ఆవిడ సంతోషించింది. నేను మాత్రం, ఇంకొన్నాళ్లలో పేపర్లు క్యాన్సిల్ చేసుకుని ఇంటిదారి పట్టవలసిన మనిషిని, ఒమాన్‌లో నా అన్నం సగం ఆ ముల్లు మీటర్లే పెట్టాయి కనుక, కాసేపు ఆ గోడ దగ్గరే నిలబడిపోయాను.

నాతోపాటు ఆ రోజుల్లో జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మనమందరం మొదట పార పట్టినవాళ్లమే. నేనూ సూర్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఒక బిల్డింగ్ సైట్‌లో ఏడాదిన్నర ఇసుక మోశాను. అక్కడ జ్వరంతో పడి ఉన్నప్పుడు, సైట్ పక్కింట్లో పనిచేసే కడప జిల్లా ఆవిడ, నా తెలుగు కేకలు విని కాబోలు, వాళ్ల మేడమ్‌ను అడిగి మూడు రోజులపాటు చారన్నం పంపించింది. అప్పటినుంచి ఆమె నాకు అక్క. తరువాత కంపెనీ నన్ను మస్కట్‌కు మార్చి, వాడి కబీర్‌లోని మీటర్ల వర్క్‌షాప్‌లో వేసింది. అక్కడ పెద్ద టెక్నీషియన్ మా అమ్మ పుట్టిన ఊరివాడే, అందుకని మామ అనేవాణ్ణి.

మీటర్లకూ ఒక గడువు ఉంటుందనీ, అది తీరగానే గోడ మీదనుంచి విప్పి, పరీక్షించి, మళ్లీ సీలు వేస్తేనే వాటి మాట చెల్లుతుందనీ నాకు అక్కడే తెలిసింది. మీటర్ మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని తీసి కడగాలి, తరువాత బల్ల మీద బిగించి కొలిచిన నీళ్లు వదలాలి, తొట్టిలో చేరినదెంతో ముల్లు చూపినదెంతో పోల్చాలి, రెండూ కుదిరితేనే సీసపు బిళ్లను కటింగ్ ప్లేయర్ లాంటి పరికరంతో నొక్కాలి. మామ దగ్గర ఇంకొక పట్టింపు ఉండేది, ముల్లు చదివేవాడు రిజిస్టర్ ముట్టకూడదు, రిజిస్టర్ రాసేవాడు ముల్లు వైపు తల తిప్పకూడదు. ఒకే మనిషి రెండూ చేస్తే కన్ను చేతికి లొంగిపోతుందని ఆయన నమ్మకం. ఇదేం చాదస్తమని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

ఒక గురువారం మామ ఏదో ఆఫీసు పని మీద బయటికి వెళ్లాడు. సూర్ వెళ్లవలసిన ఇరవై మీటర్లు నా ఒక్కడి చేతిలో ఉన్నాయి, మధ్యాహ్నానికి బండి సిద్ధం. సరిగ్గా ఆ రోజే మా ఊరి నుంచి వచ్చిన ఒకతను మస్కట్‌లోనే దార్సైట్‌లో బంధువుల ఇంట దిగాడు, సాయంత్రం బస్సుకు ఎక్కడో దూరాన ఉన్న సలాలా వెళ్లిపోతాడు, అతని సంచిలో మా అమ్మ పంపిన సకినాలున్నాయి. రెండేళ్లుగా ఇంటి తిండి మొహం చూడనివాడికి సకినాలంటే ఏమిటో మీకు తెలుసు. పదహారు మీటర్లు ఒక్కణ్ణే చదివి, ఒక్కణ్ణే రాసి, అన్నీ చక్కగా కుదిరాయి కదా, మిగిలిన నాలుగూ వాటి అన్నదమ్ములే కదా అని, జల్లెడ విప్పకుండా, నీళ్లు వదలకుండా, పై వరుసల్లోని అంకెలనే అటూ ఇటూ మార్చి రాసి సీళ్లు నొక్కేశాను. సాయంత్రం ఆ సకినాలు మామకూ పెట్టాను. మీ అమ్మ చేతిలో ఏదో ఉందని ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు.

రెండు మూడు నెలల తరువాత అక్క కార్డు ఫోన్ నుంచి వర్క్‌షాప్‌కు ఫోన్ చేసింది. వాళ్లింట్లో నీళ్ల వాడకం ఉన్నట్టుండి పెరిగిందట. కొత్తగా సీలు వేసిన మీటర్ తప్పు చెప్పదు కనుక ఈవిడే ఎవరి బట్టలో తెచ్చి ఉతుకుతోందని మేడమ్ అనుమానమట. నెలాఖరుకు వీసా రెన్యూవల్ చేయకుండా ఇంటికి పంపేస్తామన్నారట. అక్క కూతురు అప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది. తల్లి ఇక్కణ్ణుంచి కదిలితే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

"నేను బకెట్టుతోనే గిన్నెలు కడుగుతాండా తమ్ముడూ, బియ్యం కడిగిన నీళ్లు గూడా పారబోయడంల్యా. అయినా ఆ ముల్లు తిరగతానే ఉందంట. నీళ్లు యాడికి పోతాండాయో తెలీదబ్బా. నువ్వు మీటర్ల పని చేస్తావు గదా, రోంత చూసి చెప్పు" అంది.

మీటర్ మీది నంబర్ చదివించుకుని రిజిస్టర్ తీశాను. చివరి నాలుగింటిలో మూడోది అదే. ఆ అంకెలు నేను అటూ ఇటూ మార్చి రాసినవే. నోరు మూసుకుని ఊరుకుంటే నన్ను పట్టుకునేవాళ్లు లేరు, సీలు ఉంది, రిజిస్టర్‌లో అంకె ఉంది, రూల్ ప్రకారం మీటర్ నిర్దోషి. అది నిర్దోషి అయితే దొంగ ఎవరో వేరే చెప్పాలా? ఉద్యోగం పోతుందన్న భయం నాకు లేదని అబద్ధమాడను. మధ్యాహ్నం దాకా మామ చుట్టూ తిరిగి, చివరికి ఆయన టిఫిన్ డబ్బా మూత తీసిన సమయంలో చెప్పేశాను.

మామ తిట్టలేదు. డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. "సీలంటే ఒట్టి సీసం ముక్క గాదురా. గా సీలు ఉన్నదనే ఆ ఆడిమనిషి మాట ఎవ్వలు నమ్ముతలేరు. రేపు పొద్దుగాల సూర్ పోదాం. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె" అన్నాడు.

మరునాడు శుక్రవారం, సెలవు. అయినా మామ పికప్‌లో గుర్తు గీసిన ఇరవై లీటర్ల క్యాన్ పెట్టుకుని బయలుదేరాడు. ఆ ఇంటి యజమాని పడవలున్న పెద్దాయన, నమాజుకు వెళ్లబోతూ గేటు దగ్గరే ఎదురయ్యాడు. ఇంట్లోకి వెళ్లే వాల్వ్ కట్టేసి, మీటర్ పక్క కుళాయి కింద క్యాన్ పెట్టి, కుళాయిని ఆయన చేతనే తిప్పించాడు మామ. క్యాన్ ఇరవై దగ్గర ఆగింది, ముల్లు ఇరవై నాలుగు చూపింది. ఇంకోసారి చేసినా అంతే. మీటర్ విప్పితే జల్లెడ కన్నాలు సగానికి పైగా ఎప్పటిదో పాత ఇసుకతో గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. మిగిలిన కన్నాల్లోంచే నీళ్లు వడిగా దూకి చక్రాన్ని ఎక్కువ తిప్పుతున్నాయన్నమాట. మామ నా వైపు చూశాడు. నాకు వచ్చిన రెండు ముక్కల అరబ్బీలో, గుండె మీద చేయి పెట్టుకుని, తప్పు నాది, చూడకుండా సీలు వేశానని చెప్పాను.

పెద్దాయన, ఎవరికీ తెలియని తప్పును చెప్పడానికి మస్కట్ నుంచి వచ్చారా అని మామను అడిగి, లోపలికి వెళ్లి భార్యను వెంటబెట్టుకు వచ్చాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క చేయి పట్టుకుని తీసుకొచ్చి, చాప మీద తన పక్కన కూర్చోబెట్టి, స్వయంగా వాళ్ల అరబ్బీ కాఫీ, కావా పోసి ఇచ్చింది. అక్క నా వైపు తిరిగింది. "నేనే యాడన్నా కుళాయి కట్టేయకుండా మర్సిపోతాండానేమో, నాకే మతి తప్పిందేమో అనుకుంటి తమ్ముడూ" అని ఏడ్చింది. ఆమె నా చెంప మీద కొట్టి ఉన్నా నేను తట్టుకునేవాణ్ణేమో, ఆ మాటకు మాత్రం తల ఎత్తలేకపోయాను.

ఆ రోజే మిగిలిన మూడు ఇళ్లకూ వెళ్లాం. మేనేజర్ ఊరుకోలేదు, రెండు నెలలు ఎండలో పైపులకు గోతులు తవ్వించాడు, మామ బతిమాలగా బతిమాలగా మళ్లీ బల్ల దగ్గరికి రానిచ్చాడు. అక్క అదే ఇంట్లో చాలా ఏళ్లు చేసింది. ఆమె కూతురు నర్సు అయ్యింది, నేను ఆపరేషన్ చేయించుకున్నప్పుడు మందుల గురించి ఫోన్‌లో గద్దించి మరీ చెప్పింది. మామ మాత్రం ఇప్పుడు లేడు. నేను ఈ దేశంలో గౌరవంగా ఇన్నేళ్లు బతికానంటే ఆ శుక్రవారం ఆయన నన్ను బండెక్కించడం వల్లే, ఆ మాట ఆయన ఉండగా చెప్పనే లేదు.

కొత్త మీటర్లు మంచివే, మావాటికంటే నిక్కచ్చివి, పాత పనివాణ్ణిగా ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ అవీ ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాయి. అప్పుడు ఏదో ఒక వంటింట్లో ఒక ఆడమనిషి తనకే మతి తప్పిందేమోనని భయపడుతూ ఉంటే, తప్పు నీది కాదమ్మా, నాది అని గేటు దాకా వచ్చి చెప్పడానికి ఎవరున్నారు?